సోలార్ వాచీ నిజంగా పర్యావరణానికి మంచిదేనా, ఉత్త మార్కెటింగా?

నీడపట్టు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మా ఇంట్లో టీవీ కింద సొరుగు లాగితే ఆగిపోయిన వాచీలు అరడజను దాకా ఉంటాయి. నావి, మా ఆవిడవి, పెళ్ళిలో చదివించినవి. ఒక్కటీ పాడవలేదు, సెల్లు అయిపోయింది అంతే. వేయిద్దాం వేయిద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. ఒకదానికి మాత్రం వేయించాను, ఆ నెలలోనే వానకు తడిసి గ్లాసు లోపల ఆవిరి పట్టింది. మూత సరిగ్గా బిగించలేదట.

ఈ గొడవంతా లేకుండా ఒక సోలార్ వాచీ కొనుక్కుని పదేళ్ళు నిశ్చింతగా ఉందామని ఉంది. బడ్జెట్ పదిహేను వేలు. సందేహాలు రెండు. నాది గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు, ఎండ మొహం చూసేది ఆదివారమే, అలాంటి చేతికి ఇది ఛార్జ్ అవుతుందా? రెండోది, డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ వేసి అమ్ముతున్నారు కదా, అందులో నిజమెంత? "ఉన్న ఆరూ పక్కన పడేసి ఏడోది కొంటే పర్యావరణం ఎలా బాగుపడుతుంది" అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

సెకన్లముల్లు (విజయవాడ):
మీ ఆవిడగారు అడిగిందే అసలు ప్రశ్న, దానికి తర్వాత వస్తాను. నాది వాచీల రిపేరు షాపు, మా నాన్నగారి నుంచి వచ్చింది. ముందు మొదటి సందేహం తీరుస్తాను.

సోలార్ వాచీలో డయల్ కిందే ఒక పల్చటి సోలార్ పలక ఉంటుంది. డయల్ మామూలుగా కనిపిస్తుంది గానీ వెలుతురు దాంట్లోంచి కొంచెం కిందికి దిగేలా చేస్తారు. పాత ఎకో-డ్రైవ్ (సిటిజన్ కంపెనీ సోలార్ వాచీ) ఉంటే ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి, డయల్ మీద సన్నగా ప్లస్ గుర్తులాగా గీతలు కనిపిస్తాయి, అవి కింద ఉన్న పలక ముక్కల మధ్య సందులు. ఆ పలక నుంచి వచ్చే కరెంటు ఒక రీఛార్జబుల్ సెల్లులోకి పోతుంది. అక్కణ్ణుంచి అంతా మామూలు క్వార్ట్జ్ వాచీయే, అదే సెకనుకు 32,768 సార్లు ఊగే స్ఫటికం, అదే కాయిలు, అవే పళ్ళచక్రాలు.

ఎండే అక్కర్లేదు, ఏ వెలుతురైనా సరే. తేడా ఎంతసేపు అన్నదే. ఆఫీసులో లైట్ల కింద ఐదు వందల లక్స్ (వెలుతురు కొలత) ఉంటుందనుకోండి, నడివేసవి ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. ఒక రోజు నడవడానికి కావలసిన ఛార్జ్ ఎండలో రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తే ట్యూబ్‌లైట్ కింద రెండు మూడు గంటలు పడుతుంది, మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. నైట్ షిఫ్టులో లైట్ల కిందే కూర్చుంటారు కదా, చొక్కా చెయ్యి వాచీ మీదికి రాకుండా చూసుకుంటే రోజుకు రోజు సరిపోతుంది. వారానికోసారి కిటికీలో ఓ గంట పెడితే ఇక టెన్షన్ లేదు.

లెక్కలమాస్టారు:
రెండో ప్రశ్నకు నేను లెక్క చెప్తాను. ఎవరి మనసైనా నొప్పిస్తే లెక్కను తిట్టుకోండి, నన్ను కాదు.

మామూలు క్వార్ట్జ్ వాచీల్లో ఎక్కువగా వాడే 377 నంబరు సెల్లు తీసుకోండి. దాని సామర్థ్యం సుమారు 28 మిల్లీయాంప్ అవర్లు, వోల్టేజి 1.55. వాచీ లాగేది ఒకటిన్నర మైక్రోయాంపు అనుకుంటే రెండేళ్ళ పైచిలుకు వస్తుంది, మనందరికీ అనుభవమే. ఈ రెండేళ్ళలో వాచీ తిన్న కరెంటు మొత్తం 0.043 వాట్-అవర్. అంటే ఇంట్లో పది వాట్ల ఎల్ఈడీ బల్బు పదిహేను సెకన్లు వెలిగితే ఎంతో అంత. ఇరవై ఏళ్ళకు పది సెల్లులనుకున్నా బల్బు రెండున్నర నిమిషాలు వెలిగినంత. సూర్యశక్తితో కరెంటు ఆదా చేస్తున్నాం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇక చెత్త సంగతి. ఆ సెల్లు బరువు గ్రాములో సగం కూడా ఉండదు. పది సెల్లులు కలిపితే నాలుగు గ్రాములు. స్టీలు చెయిన్ ఉన్న వాచీ వంద గ్రాముల పైనే తూగుతుంది. అంటే ఇరవై ఏళ్ళ సెల్లుల చెత్త మొత్తం ఆ చెయిన్‌లో ఒకట్రెండు లింకుల బరువు. ఆ నాలుగు గ్రాములు మిగల్చడానికి కొత్తగా వంద గ్రాముల స్టీలు, ఒక గ్లాసు, ఒక సోలార్ పలక, ఒక లిథియం సెల్లు, దానికో పెద్ద అట్టపెట్టె, పెట్టెలో దిండు.

అర_డజను_వాచీలు (బెంగళూరు):
మాస్టారూ, మీ లెక్కలో సెల్లు లోపల ఉన్న కరెంటే ఉంది, ఆ సెల్లు తయారుచేయడానికి అయ్యే కరెంటు లేదు. దాంట్లోంచి వచ్చేదానికి ఎన్నో రెట్లు ఫ్యాక్టరీలోనే ఖర్చవుతుంది. పైగా అది సిల్వర్ ఆక్సైడ్ సెల్లు, అందులో వెండి ఉంటుంది, ఆ వెండి గనిలోంచే రావాలి.

ఇంకోటి, సోలార్ వాచీ ఈ పర్యావరణం ఫ్యాషన్ వచ్చాక పుట్టింది కాదు. సిటిజన్ వాళ్ళు ముళ్ళున్న సోలార్ వాచీని 1976లోనే అమ్మారు, డయల్ మీద పలకలు బాహాటంగా కనిపించేవి. ఎకో-డ్రైవ్ అన్న పేరు 1995లో వచ్చింది, మరుసటి ఏడాదే జపాన్‌లో పర్యావరణానికి మేలైన సరుకులకిచ్చే ఎకో మార్క్ గుర్తింపు వచ్చింది, ఒక వాచీకి ఆ గుర్తు రావడం అదే మొదలు. దెబ్బలకు తట్టుకునే తన జీ-షాక్ వాచీల్లో మొదటి సోలార్‌ది క్యాసియో 1998లో తెచ్చింది. అప్పటికి ఇప్పటి ఆకు బొమ్మల హడావుడి లేదు. సెల్లు మార్చే బాధ తప్పించాలన్నదే వాళ్ళ పట్టుదల.

నా దగ్గర ఆరు ఉన్నాయి, ఆరూ సోలారే. ఇంతవరకు ఒక్కదాని మూత కూడా తెరవలేదు.

లెక్కలమాస్టారు:
ఆరు వాచీలు, చేతులు రెండు. పర్యావరణం మీకు రుణపడి ఉంటుంది.

తయారీ ఖర్చు సంగతి ఒప్పుకుంటాను, అది లెక్కలో వేయాల్సిందే. కానీ రీఛార్జబుల్ సెల్లు తయారీకి, సోలార్ పలకకు అయ్యేది కూడా వేయాలి. వేశాక మిగిలేది సోలార్‌కు స్వల్ప ఆధిక్యం, అది కూడా ఒకే వాచీని ఇరవై ఏళ్ళు పెట్టుకుంటే.

ఎడిన్‌బరా_ఎండ (స్కాట్లండ్):
ఎండ దొరికే ఊళ్ళో కూర్చుని ఎండ గురించి వాదించుకుంటున్నారు, అదృష్టవంతులు. ఇక్కడ డిసెంబర్‌లో పగలు ఏడు గంటలు కూడా ఉండదు. ఉన్న ఆ కాసేపూ మబ్బు. స్వెట్టరు, దాని మీద జాకెట్టు, దాని మీద కోటు, వాచీకి వెలుతురు అన్నదే తగలదు. నా ఎకో-డ్రైవ్ జనవరిలో ఒకరోజు వింతగా నడవడం మొదలుపెట్టింది. సెకన్ల ముల్లు రెండు సెకన్లు ఆగి ఒకేసారి రెండు గీతలు గెంతుతోంది. చెడిపోయిందని కంగారుపడి మాన్యువల్ తీస్తే అది ఛార్జ్ తగ్గిందని చెప్పే గుర్తట. టైము మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.

అప్పటి నుంచి చలికాలంలో రాత్రిపూట టేబుల్ ల్యాంపు పక్కన పెడుతున్నాను, బల్బుకు మరీ ఆనించకుండా. కరెంటు దీపంతో సోలార్ వాచీ ఛార్జ్ చేస్తున్నానని మాస్టారు నవ్వుతారని తెలుసు, కానివ్వండి.

నీడపట్టు గారికి ఒక మాట. ఫుల్ ఛార్జ్ అయ్యాక చీకట్లో ఎన్నాళ్ళు నడుస్తుందో చూసి కొనండి. డైవర్ మోడల్ ఒకటి ఆరు నెలలంటుంది, ఈమధ్య వచ్చిన ఎకో-డ్రైవ్ 365 ఏడాది అంటుంది. నాలాంటి వాడికి ఆ అంకె ముఖ్యం, ఉత్తదే అనిపించినా.

రామగుండం_రవ్వ:
మాకు ఉల్టా సమస్య. ఎండ ఎక్కువై చస్తున్నం. మా దోస్తు ఒకడు మే నెలలో వాచీ ఫుల్ ఛార్జ్ కావాలని కారు డాష్‌బోర్డు మీద పెట్టి డ్యూటీకి పోయిండు. సాయంత్రం వచ్చి చూస్తే డిస్‌ప్లే మొత్తం నల్లగ అయిపోయింది. చల్లారినంక మామూలుగా వచ్చింది కానీ అప్పటినుంచి ఛార్జ్ నిలుస్తలేదు. అరవై డిగ్రీలు దాటే చోట పెట్టొద్దని మాన్యువల్‌లనే రాసుంటది, మూసిన కారులో మా దగ్గర అంతకన్న ఎక్కువనే అయితది. ఎండ కావాలె, వేడి వద్దు. చేతికి పెట్టుకుని తిరిగితే ఏం కాదు, అంత వేడెక్కదు. కిటికీలో పెట్టేదుంటే పొద్దుగాల పెట్టుండ్రి.

సెకన్లముల్లు (విజయవాడ):
రవ్వ గారు చెప్పింది అక్షరాలా నిజం, వేసవి దాటాక నా దగ్గరికి వచ్చే సోలార్ కేసుల్లో అవే ఎక్కువ.

ఇప్పుడు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. సోలార్ వాచీలో సెల్లు ఉండదని కొందరు నమ్ముతారు, కొంతమంది సేల్స్‌వాళ్ళు అలాగే చెప్తారు కూడా. ఉంటుంది. శాశ్వతం కూడా కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఎనభై శాతం సామర్థ్యం మిగులుతుందని సిటిజన్ అంటుంది, నేను చూసినంతలో బాగా వాడిన వాచీల్లో ఆ మాట పెద్ద తప్పేం కాదు. ఎటొచ్చీ చీకటి సొరుగులో ఏళ్ళ తరబడి పూర్తిగా ఖాళీగా పడి ఉన్నవి మాత్రం తొందరగా పోతాయి. పాతకాలం సోలార్ వాచీలు కొన్ని వేరే కథ, వాటిలో సెల్లు బదులు కెపాసిటర్లు (ఛార్జ్ నిలవచేసే చిన్న భాగాలు) వాడేవారు, అవి చాలామటుకు పోయాయి. సైకో కైనెటిక్ వాచీలకూ అదే జబ్బు, చేతి కదలికతో ఛార్జ్ అయ్యే రకం అది. తర్వాత సైకో కెపాసిటర్ బదులు లిథియం రీఛార్జబుల్ సెల్లు ఇచ్చింది, దాంతో అవి బతికి బట్టకట్టాయి.

మొన్న ఒక కాలేజీ అమ్మాయి వాళ్ళ తాతగారి ఎకో-డ్రైవ్ తెచ్చింది. ఆయన పోయాక సొరుగులో ఉందట, మరో ఊళ్ళో ఏదో షాపులో సెల్లు వేయించారట, ఆర్నెల్లు నడిచి ఆగిపోయింది. మూత తీసి లూపు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఒరిజినల్ రీఛార్జబుల్ సెల్లుకు పైనా కిందా చిన్న రేకు ముక్కలు వెల్డింగ్ చేసి ఉంటాయి, పొరపాటున మామూలు సెల్లు వేయకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. ఆ రేకుల్ని ఎవరో కత్తితో ఊడదీసి, మామూలు వంద రూపాయల సెల్లుకు అంటించి పెట్టారు. సోలార్ పలక దాని పని అది చేసుకుపోతుంది కదా, ఛార్జ్ ఎక్కకూడని సెల్లుకు రోజూ ఛార్జ్ ఎక్కించింది. అది ఉబ్బి కారింది. తెల్లగా ఉప్పు పేరుకుపోయి సర్క్యూట్ అంచు తినేసింది, వెంట్రుకంత సన్నటి కాయిలు తీగ ఒక చోట పచ్చబడి తెగిపోయింది. అసలు సెల్లు వేసుంటే ఇంకో పదిహేనేళ్ళు నడిచే మెషిన్ అది. ఇప్పుడు మెషినే మార్చాలి.

పర్యావరణం అన్నారు కాబట్టి చెప్తున్నా, నా టేబుల్ మీద చచ్చే సోలార్ వాచీల్లో సగం సరైన సెల్లు దొరక్కో, రెండు వేలు ఎందుకు దండగ అనుకునో చచ్చేవే. కొనేటప్పుడు షాపువాడిని ఒక్క మాట అడగండి, దీని రీఛార్జబుల్ సెల్లు మార్చాల్సి వస్తే మీ సర్వీస్ సెంటర్‌లో దొరుకుతుందా అని. తడబడితే ఇంకో షాపు చూసుకోండి.

తులసికోట (కాకినాడ):
నేను సైన్సు టీచర్‌ని. మాస్టారు నాలుగు గ్రాములే అని తేల్చేశారు కానీ ఆ నాలుగు గ్రాములు ఎక్కడికి పోతున్నాయన్నది కూడా చూడాలి కదండీ. పాత బటన్ సెల్లుల్లో పాదరసం కలిపేవారు. పాదరసం వాడకం తగ్గించాలని దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం వచ్చాక దాన్ని తీసేస్తూ వచ్చారు, మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది. 2022లో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నియమాలు తెచ్చింది, అమ్మిన కంపెనీలే పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలని అందులో ఉంది. కాగితం మీద బాగుంది. మా వీధి చివర వాచీ షాపులో పాత సెల్లు తీసి ఎక్కడ వేస్తారో తెలుసా? షాపు ముందు కాలవలో. నా కళ్ళ ముందే విసిరాడు, అడిగితే "అంత చిన్నదానికి ఏమవుతుందమ్మా" అన్నాడు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బటన్ సెల్లులు మరీ ప్రమాదం, మింగితే అన్నవాహిక కాలిపోతుంది, లిథియం నాణెం సెల్లులైతే రెండు గంటల్లోనే. సొరుగులో పాత సెల్లులు దాచుకునే వాళ్ళు దయచేసి తీసేయండి.

ఇంకో సందేహం. ఆడవాళ్ళ వాచీల్లో సోలార్ ఎందుకు అంత తక్కువ? నాకు నచ్చినవన్నీ మామూలు సెల్లువే.

సెకన్లముల్లు (విజయవాడ):
టీచర్ గారూ, మా షాపులో సెల్లులు డబ్బాలో వేస్తాం, నిండాక ఈ-వేస్ట్ వాళ్ళకి ఇస్తాం. అందరూ అలా చేయరన్నది నిజమే.

ఆడవాళ్ళ వాచీల సంగతి, డయల్ చిన్నదైతే సోలార్ పలక చిన్నది, లోపల సెల్లుకు చోటూ తక్కువ. డయల్ సైజు సగం చేస్తే వెలుతురు పడే చోటు నాలుగోవంతే మిగులుతుంది. అందుకే ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా చీకట్లో తక్కువ కాలం నిలబడతాయి. సిటిజన్‌లో చిన్న సైజు ఎకో-డ్రైవ్‌లు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి, చూడండి.

అర_డజను_వాచీలు (బెంగళూరు):
చిన్న డయల్ అంటే గుర్తొచ్చింది. 2021లో కార్టియే వాళ్ళు ట్యాంక్ మోడల్‌లో సోలార్ తెచ్చారు. డయల్ మీద రోమన్ అంకెలకు కంటికి కనిపించనంత చిన్న చిల్లులు పెట్టి వాటిలోంచి వెలుతురు లోపలికి పోయేలా చేశారు. సెల్లు పదహారేళ్ళు నడుస్తుందంటారు, బెల్టు తయారీలో యాపిల్ పళ్ళ వ్యర్థాలు కలిపారు. మరుసటి ఏడాది ట్యాగ్ హ్యూయర్ సోలార్‌గ్రాఫ్ వచ్చింది. దాని మెషిన్ తయారుచేసేది లా జూ-పెరే అనే స్విస్ కంపెనీ, ఆ కంపెనీ 2012 నుంచి సిటిజన్ చేతిలో ఉంది. సోలార్ అంటే చవక జపాన్ సరుకు అని ముక్కు విరిచిన స్విస్ వాళ్ళకు చివరికి అదే ఇంట్లోంచి మెషిన్ వెళ్తోంది, నాకు భలే సంతోషం.

లెక్కలమాస్టారు:
స్విస్ వాళ్ళ పేరు ఎత్తారు కాబట్టి. 2018లో ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్విట్జర్లాండ్ విభాగం పదిహేను పెద్ద స్విస్ వాచీ, నగల కంపెనీలకు పర్యావరణం మీద మార్కులు వేసింది. చాలా కంపెనీలకు వచ్చింది అట్టడుగు మార్కే, తమ బంగారం ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా సరిగ్గా చెప్పలేదు. ఆ తర్వాత యాపిల్ తొక్కలు, చేపల వలలు, ప్లాస్టిక్ సీసాలతో చేసిన బెల్టులు, డయల్స్ జోరుగా బయటికొచ్చాయి. 2021లో పనెరాయ్ ఒక వాచీ చేసింది, బరువులో 98.6 శాతం రీసైకిల్ చేసిన సరుకే. ఎన్ని చేశారు? ముప్పై. ధర అరవై వేల యూరోలు. ముప్పై మంది శ్రీమంతుల చేతికి ముప్పై వాచీలు తొడిగి భూమిని కాపాడాం అంటే ఎలా నమ్మేది?

అదే సమయంలో క్యాసియో మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్ కొంత కలిపి తన ప్రో ట్రెక్ వాచీల్లో ఒక మోడల్ చేసింది, 2022లో. దాని గురించి ఎవరూ మాట్లాడరు. లక్షల్లో అమ్మే కంపెనీ కొంచెం మారితే తేడా ఎక్కువ.

చావితిప్పు (కర్నూలు):
అందరూ సోలార్ సోలార్ అంటున్నారు, సెల్లు లేని వాచీ మన దేశంలో ఎప్పుడో ఉంది, చావి తిప్పితే నడిచేది. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు సాయం చేసింది ఎవరనుకుంటున్నారు? ఈ ఎకో-డ్రైవ్ సిటిజన్ వాళ్ళే. మన హైదరాబాద్ ఆల్విన్ సైకో సాయంతో వాచీలు చేసేది. మా నాన్న హెచ్ఎంటీ జనతా నేను పుట్టకముందుది, ఇవాళ్టికీ పొద్దున్నే పళ్ళు తోముకుని చావి ఇస్తా. సెల్లు లేదు, పలక లేదు, లిథియం లేదు. దీనికన్నా పచ్చటి వాచీ ఉందా?

లెక్కలమాస్టారు:
నాకూ అదంటేనే ఇష్టం. కానీ ఐదారేళ్ళకోసారి విప్పి కడిగి నూనె వేయించాలి, రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతుందో నేను అడగను. పైగా హెచ్ఎంటీ వాచీలు మూసేయాలని 2016లో కేంద్రమే తేల్చేసింది, స్పేర్లు పాత వాచీల్లోంచి పీక్కోవాల్సిందే.

చావితిప్పు (కర్నూలు):
పీక్కుంటాం సార్, పీకడానికి ఒకటుంది కాబట్టి పీక్కుంటున్నాం. ఈ కాలపు స్మార్ట్‌వాచీలో పీకడానికి ఏముంది? బ్యాటరీ ఉబ్బితే గ్లాసుతో సహా చెత్తబుట్టకే. మా అల్లుడికి మూడేళ్ళలో ఇది రెండోది.

నీడపట్టు (హైదరాబాద్):
స్మార్ట్‌వాచీ వైపు నేను పోను, రోజూ ఛార్జర్ వెతుక్కునే ఓపిక లేదు. మా ఆవిడకు ఈ థ్రెడ్ చదివి వినిపించాను. నాలుగు గ్రాముల లెక్క విని "చూశావా" అంది. తాతగారి వాచీ సంగతి విని మాత్రం పాపం అంది.

నాకు ఇప్పటికి అర్థమైంది ఏంటంటే కొత్తది ఏది కొన్నా సరే సొరుగులో వాటి లెక్క తేలదు. ముల్లు గారూ, ఆ ఆరింటినీ ఏం చేయమంటారు? నేను దసరాకి బెజవాడ వస్తాను.

సెకన్లముల్లు (విజయవాడ):
తీసుకురండి. ముందు ఒక పని చేయండి, ఆగిపోయిన సెల్లులు లోపలే ఉంటే ఇప్పుడే అక్కడే తీయించేయండి, కొత్తవి వేయించకపోయినా సరే. సొరుగులో కారి మెషిన్‌ని తినేసేవి ఆ సెల్లులే. వేయించేటప్పుడు పక్కనే నిలబడి మూత అంచున ఉన్న రబ్బరు వాషర్ చూడండి, గట్టిపడి చిట్లి ఉంటే మార్చమనండి. మీకు వానలో ఆవిరి పట్టింది ఆ వాషర్ వల్లే అయ్యుంటుంది. సోలార్ వల్ల నాకు కనిపించే అసలు లాభం ఇదే, రెండేళ్ళకోసారి మూత తెరిచే పని లేదు కాబట్టి లోపలికి నీళ్ళు, దుమ్ము పోయే సందర్భాలు తగ్గుతాయి. వాచీ ఎక్కువ కాలం బతుకుతుంది. మాస్టారి లెక్కలో ఇది రాలేదు.

లెక్కలమాస్టారు:
రాలేదు, ఇప్పుడు వేసుకుంటున్నాను. వాచీ ఐదేళ్ళకు బదులు ఇరవై ఏళ్ళు బతికితే మూడు వాచీల స్టీలు మిగిలినట్టు. దాని ముందు సెల్లులూ లెక్కలోకి రావు, ఆకు బొమ్మలూ లెక్కలోకి రావు.

రామగుండం_రవ్వ:
ఒక్క మాట, రెజిన్ బెల్టు ఉన్నవి తీసుకునేవాళ్ళు బెల్టు విడిగ దొరుకుతదా లేదా చూసుకోండ్రి. నా జీ-షాక్ లోపల బ్రహ్మాండంగ నడుస్తుంది, పైన రబ్బరు మాత్రం చెమటకు పెళుసై గుండీ కాడ పుటుక్కున తెగింది. ఆ మోడల్ బెల్టు కోసం ఆన్‌లైన్ల ఎంత తిరిగిననో నాకే తెలుసు. మామూలు బెల్టు పట్టే చెవులున్న వాచీ అయితే ఏ ఊళ్ళనైన దొరుకుతది.

అర_డజను_వాచీలు (బెంగళూరు):
బాగా చెప్పారు. నీడపట్టు గారూ, మీ బడ్జెట్‌కు అటూఇటూగా సిటిజన్ ఎకో-డ్రైవ్‌లో మామూలు మూడు ముళ్ళవి ఉన్నాయి, తేదీ ఒక్కటి ఉంటే చాలు, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉండే రకం) జోలికి పోకండి, అవి రిపేరుకు ఖరీదు. ఇంకా తక్కువలో కావాలంటే క్యాసియో టఫ్ సోలార్ చవక మోడళ్ళు ఉన్నాయి. రేడియో సిగ్నల్‌తో టైము సరిచేసుకునే రకానికి మాత్రం ఎక్కువ డబ్బులు పెట్టకండి. ఆ సిగ్నల్ పంపే ఆరు స్టేషన్లు జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఉన్నాయి, మన దేశంలో ఒక్కటీ లేదు. ఎడిన్‌బరా గారికైతే పనికొస్తుంది.

ఎడిన్‌బరా_ఎండ (స్కాట్లండ్):
పనికొస్తుంది. ఎండ తప్ప అన్నీ ఉన్నాయి ఇక్కడ.

నీడపట్టు (హైదరాబాద్):
కొత్తది కాకుండా సెకండ్‌హ్యాండ్ అయితే? మా టీమ్‌లో ఒకతను తన ఎకో-డ్రైవ్ ఆరు వేలకు ఇస్తానంటున్నాడు. నాలుగేళ్ళదట, రెండేళ్ళుగా వాడట్లేదు. అలా అయితే మా ఆవిడ కూడా ఏమీ అనదు. ప్రస్తుతం ఆగిపోయి ఉంది, ఎండలో పెడితే నడుస్తుంది అంటున్నాడు.

సెకన్లముల్లు (విజయవాడ):
నడుస్తుంది అన్న మాట మీద కొనకండి. వారం పాటు ఇమ్మని అడగండి. రోజూ పొద్దున ఎండలో మూడు గంటల చొప్పున నాలుగు రోజులు పెట్టండి, పూర్తిగా ఖాళీ అయినది నిండడానికి మోడల్‌ని బట్టి పది గంటల పైనే ఎండ కావాలి. మొదట్లో రెండేసి సెకన్లు గెంతితే కంగారు పడొద్దు. తర్వాత టైము పెట్టి, చీకటి బీరువాలో మిగతా రోజులు వదిలేయండి. తీసి చూసినప్పుడు ఒక్కో సెకనే కదులుతూ టైము సరిగ్గా ఉంటే ఆరు వేలకు మంచి బేరం. మళ్ళీ గెంతుతున్నా, ఆగిపోయినా సెల్లు పోయినట్టు, అప్పుడు ఒరిజినల్ సెల్లు ఖర్చు తగ్గించి నాలుగు వేలకు అడగండి. వెనక మూత మీద గీతలున్నాయేమో కూడా లైటు కింద చూడండి, ఎవరో ముందే తెరిచి ఉంటే నాకు చూపించకుండా డబ్బులివ్వకండి.